సముద్రం చూడాలన్నది అత్త, రిసార్టు చూసింది మరిది

ఈసారి ఉత్తరం ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆమెకు ముప్పై ఆరేళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు బట్టల అంగడి. పాపకు పన్నెండు, బాబుకు ఎనిమిది. అత్తామామలు వీళ్ల దగ్గరే ఉంటారు. మామ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు డెబ్బై ఒకటి. అత్తకు అరవై ఆరు, మోకాళ్ల నొప్పులు, పది మెట్లు ఎక్కాలంటే రెండుసార్లు ఆగాలి.

ఆ అత్త ఇంతవరకు సముద్రం చూడలేదు. రెండు నెలల కింద టీవీ చూస్తూ "పోయేలోపల ఒకసారి సముద్రం ఎట్లుంటాదో చూడల్ల" అన్నారట. ఆ మాట బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే చిన్న కొడుక్కి ఫోన్లో చేరింది. వారం తిరక్కుండా అతను ఫ్యామిలీ గ్రూపులో ఒక లింకు పెట్టాడు. మహాబలిపురం దగ్గర, చెన్నై నుంచి తీరం వెంబడే పోయే ఈసీఆర్ రోడ్డు మీద, సముద్రం ఒడ్డునే ఉన్న పెద్ద రిసార్టు. మూడు గదులు, మూడు రాత్రులు, క్రిస్మస్ సెలవుల్లో. గది రోజుకు 14,000, పొద్దున టిఫిను అందులోనే. "చెరి సగం వేసుకుందాం అన్నా" అంటే, ఈమె భర్త అంగట్లో కూర్చునే "సరే" అని టైప్ చేశాడు. ఈమెకు ఆ సంగతి గ్రూపులో చదివితే తెలిసింది.

ఆమె మాటల్లోనే కొంచెం: "మేడమ్, వద్దంటే అత్త కోరికకు కోడలు అడ్డం పడిందంటారు. సరే అంటే పాప ఫీజు రెండో కంతుకు దాచిన డబ్బులో చెయ్యి పెట్టాలి. నలభై వేల వరకైతే ఇబ్బంది లేకుండా పెట్టగలం. నేనొక దారి చెప్పినాను. ఊర్లో చిన్న లాడ్జి తీసుకుని, కరెంటు కుక్కరు, బియ్యం, పప్పు తీసుకుపోయి వండుకుంటే ఇరవై వేలలో అయిపోతుంది. దానికి తోడికోడలు 'అక్కా, ఒక్కసారికే కదా' అనింది. మా ఆయన ఏమీ మాట్లాడలేదు. అసలు ఇంత పెద్ద రిసార్టులో ఉండడం వల్ల లాభమేమి, నష్టమేమి, మా లాంటివాళ్లకు అది తగునా?" అని అడిగారు. ఉత్తరం చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు పేజీలు లెక్కలే రాశారు. నాలుగో పేజీలో, చివరి నుంచి ఐదో వాక్యంలో, ఇట్లా ఉంది: "నిజం చెప్తే నాకూ పోవాలని ఉంది, పెళ్లయిన పద్నాలుగేళ్లలో వరసగా మూడు రోజులు వంటింట్లోకి పోకుండా ఉన్నది నా రెండు కాన్పులప్పుడే." మీ సమస్య అక్కడ ఉందని నాకనిపిస్తోంది. మీరు రాసిన చవక దారి మళ్లీ చదవండి. ఆ కరెంటు కుక్కరు ముందు కూర్చునేది ఎవరు? ఇంటిల్లిపాదికీ పప్పూ అన్నం వండి, లాడ్జి బాత్రూములో గిన్నెలు కడిగేది ఎవరు? ఇరవై వేలలో అయిపోతుందని రాశారు గానీ, అందులో మీ మూడు రోజుల చాకిరీని మీరే లెక్కలో వేసుకోలేదు. ఇంట్లో వాళ్లు వేయకపోవడం మామూలే. మీరు కూడా వేసుకోకపోతే ఎట్లా?

కాబట్టి ఏ దారి పట్టినా సరే, కుక్కరు మాత్రం వద్దు. దీనొక్కదాంట్లో నేను గట్టిగా చెప్తాను. మిగతావన్నీ మీ ఇష్టం.

ఇప్పుడు రిసార్టు సంగతి. పెద్ద రిసార్టు ఒక పని బాగా చేస్తుంది. లోపల అడుగు పెట్టాక ఎవరూ ఏమీ ఆలోచించనక్కరలేదు. ఏం తినాలి, ఎక్కడ తినాలి, పిల్లలు ఎటు పోయారు, నీళ్లు మంచివేనా, బాత్రూము ఎట్లుంటుంది, ఈ టెన్షన్లు ఉండవు. రోజూ ఇంట్లో అందరి తరఫునా ఆలోచించే మనిషికి అది పెద్ద విశ్రాంతి, అంటే మీకు. మీ అత్తకు కూడా ఒక లాభం ఉంది, దాన్ని తక్కువ చేయొద్దు. మోకాళ్లు పట్టేసిన మనిషి ఇసకలో నడవడం మహా కష్టం, కాలు దిగబడుతుంది. సముద్రానికి ఎదురుగా ఉండే గదైతే ఆమె కుర్చీలో కూర్చునే చూడొచ్చు. అది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలో నుంచే పైకొస్తాడు. తెల్లారి ఆరున్నరకు ఆమె బాల్కనీలో కాఫీ గ్లాసుతో కూర్చుని ఉండడం ఊహించుకుంటే నాకే ఆశ పుడుతోంది.

కానీ ఆ 14,000 గది సముద్రానికి ఎదురుగా ఉన్నదేనా? లింకు మళ్లీ తెరిచి చూడండి. రిసార్టుల్లో ఇచ్చే తక్కువ రేటు చాలాసార్లు గార్డెన్ వ్యూ గదిది. అంటే కిటికీ తెరిస్తే కనిపించేది చెట్లూ పచ్చికా. సీ వ్యూ అంటే, సముద్రం దూరంగా కొంచెం కనిపించినా అదే పేరు పెడతారు. సీ ఫేసింగ్ గదా కాదా, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, ఇవన్నీ ఫోన్ చేసి అడిగి, మెయిల్లో రాయించుకోవాలి. లేకపోతే సముద్రం చూడాలన్న మనిషిని అన్ని గంటలు బండిలో కూర్చోబెట్టి తీసుకుపోయి తోట చూపించినట్లవుతుంది.

నష్టాల్లో మొదటిది దూరం. ఊరి దూరం సంగతి తర్వాత, నేను చెప్పేది లోపలి దూరం. నేనొకసారి మా అమ్మను తీసుకుని ఒక పెద్ద రిసార్టుకు వెళ్లాను, ఎక్కడో ఏదో పేరు అవసరం లేదు. గదికీ భోజనాల హాలుకూ మధ్య అర కిలోమీటరు. బ్యాటరీ బండి పంపిస్తామన్నారు, భోజనాల వేళ అందరికీ అదే బండి కావాలి. ప్రతి పూటా ఇరవై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. రెండో రోజు మా అమ్మ "నాకు ఆకలిగా లేదులే, మీరు పోండి" అనింది. ఆకలి లేక కాదు, నడవలేక. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. అందుకే మీ అత్తకు గ్రౌండ్ ఫ్లోర్ గది, అదీ భోజనాల హాలుకు దగ్గర్లో, బాత్రూములో పట్టుకునే కడ్డీ, కావాలంటే వీల్‌చైర్, ఇవి ముందే అడగండి. పెద్ద హోటళ్లలో అడిగితే ఇస్తారు. అడగకపోతే ఎవరూ గుర్తుపెట్టుకుని ఇవ్వరు.

రెండోది డబ్బు. మీ ఆయన మనసులో ఉన్న లెక్క బహుశా ఇది: మూడు గదులు, మూడు రాత్రులు, 1,26,000, అందులో సగం 63,000. కానీ గది అద్దె రోజుకు 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 వరకు ఉండే గదులకు 5 శాతానికి తగ్గించారు, పైవాటికి మాత్రం అదే 18 ఉంది. అంటే గదులకే 22,680 కలిసి 1,48,680 అవుతుంది. టిఫిను సరే, మిగతా భోజనాలు? బఫే మనిషికి 1,800 అని లింకులో ఉందని మీరే రాశారు. మొదటి రోజు మధ్యాహ్నం దారిలో తిన్నా, మూడు రాత్రులు, రెండు మధ్యాహ్నాలు, ఆరుగురు పెద్దవాళ్లు, మొత్తం ముప్పై భోజనాలు, 54,000. ఇట్లాంటి హోటళ్లలో తిండి మీద కూడా 18 శాతమే, బయటి మామూలు హోటల్లో అయితే 5. అది కలిపితే 63,720. అంతా కలిపి 2,12,400. మీ వాటా 1,06,200. పిల్లల తిండి, మీ పాపకు అదనపు మంచం, మధ్యలో టీలూ ఐస్‌క్రీములూ, బండి బాడుగ ఇందులో లేవు. రిసార్టు ఊరికి ఎడంగా రోడ్డు మీద ఉంటుంది కాబట్టి గేటు దాటి పోయి ఇడ్లీ తిని రావడం అంత సులభం కాదు. అక్కడ ఖర్చు పెరిగేదే ఆ కారణంగా.

ఈ లెక్క ఒక కాగితం మీద రాసి మీ ఆయన ముందు పెట్టండి. నన్ను అడగకుండా ఎట్లా సరే అన్నావు అనే మాట ఆ రోజు ఎత్తొద్దు. ఆ కోపం న్యాయమైందే, ఇంకో రోజు తప్పకుండా చెప్పండి. కానీ రెండూ కలిపితే ఆయన లెక్క వినడు, కోపానికే జవాబు చెప్తాడు. ఆయన మౌనానికి కారణం కూడా నాకు కొంచెం తెలిసినట్లే ఉంది. తమ్ముడు బెంగళూరులో సంపాదిస్తున్నాడు, అన్నగా తమ్ముడి ముందు "నా దగ్గర లేదు" అనడం చాలా మందికి గొంతులో నుంచి రాదు.

మూడోది మీ మామ. ఆయన గురించి ఎవరూ మాట్లాడలేదు, మీరు కూడా రెండు వాక్యాలే రాశారు. జీవితమంతా బస్సులో వందల మంది మధ్య నిలబడి టికెట్లు కొట్టిన మనిషి. మీరు రాసినట్లు ఇప్పటికీ పొద్దున్నే బస్టాండు దాకా నడిచి, టీ తాగి, పేపరు చదివి, పాత దోస్తులతో మాట్లాడి వస్తారు. ఆయన్ను మూడు రోజులు గోడల మధ్య తోటలో కూర్చోబెడితే మొదటి పూట బాగుందంటారు, రెండో పూటకు మాట్లాడే మనిషి కోసం వెతుక్కుంటారు. అదే మహాబలిపురం ఊర్లో అయితే బస్టాండు ఉంది, టీ అంగళ్లు ఉన్నాయి, రాతి శిల్పాలు చెక్కేవాళ్లు రోడ్డు పక్కనే పని చేస్తుంటారు, పల్లవుల కాలపు తీర దేవాలయం, పంచ రథాలు, కొండరాతి మీద చెక్కిన అర్జున తపస్సు అన్నీ దగ్గర దగ్గరే. 1984 నుంచి యునెస్కో వారసత్వ స్థలం అది. తమిళనాడు బస్సులు చూస్తూ ఆయన ఒక పూట హాయిగా గడిపేస్తారు, నాకు నమ్మకం ఉంది.

ఇంకొకటి, సముద్రం ఒడ్డు ఏ రిసార్టు సొంతమూ కాదు. గది వాళ్లది, తోట వాళ్లది, ఈత కొలను వాళ్లది. అలలు తాకే ఇసక అందరిదీ. లక్ష పెట్టినవాళ్లు చూసే సముద్రమూ, తీర దేవాలయం పక్కన వేరుశనక్కాయలు తింటూ నిలబడినవాళ్లు చూసే సముద్రమూ ఒకటే. ఆ తీరంలో అలల లాగుడు ఎక్కువ, రిసార్టు ముందున్నా ఊర్లో ఉన్నా పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వొద్దు. ఎర్ర జెండా కనిపిస్తే అసలు దిగొద్దు. రిసార్టు డబ్బు కొలనుకు పనికొస్తుంది, సముద్రానికి కాదు.

క్రిస్మస్ సెలవుల మీద నాకు అభ్యంతరం ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈశాన్య రుతుపవనాల వాన, వాయుగుండాలు, తుపాన్లు వచ్చే కాలం. రేట్లు కూడా ఆ వారమే ఎక్కువ, 24న, 31న గాలా డిన్నర్ అని పండగ విందుకు తప్పనిసరిగా కట్టించుకునే రిసార్టులు చాలా ఉంటాయి. పైగా తక్కువ రేటుకు వచ్చిందని నాన్ రిఫండబుల్ బుక్ చేస్తే, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాలి. జనవరి చివర్లో గానీ ఫిబ్రవరిలో గానీ, ఆదివారం దిగి బుధవారం వచ్చేట్లు పెట్టుకుంటే వాన భయం తగ్గుతుంది, మామూలు రోజుల్లో రేటు కూడా దిగుతుంది. పిల్లలకు మూడు రోజుల బడి పోతుంది, మీకు మూడు రోజుల సెలవు కావాలి. ఆ నష్టం ఉంది, లేదనను.

మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

మరిది చెప్పినట్లే మూడు రాత్రులూ రిసార్టులో ఉండొచ్చు. మీకు పూర్తి విశ్రాంతి, పిల్లలకు పండగ, అత్తకు గది సరైనది దొరికితే సుఖం. మీ వాటా లక్ష దాటుతుంది, ఫీజు డబ్బు కదులుతుంది. తిరిగొచ్చాక ఆ అప్పు మీ మీదే కూర్చుంటుంది, ప్రతి నెలా ఆ మూడు రోజుల్ని తలచుకుని తిట్టుకునే పరిస్థితి వస్తే పోయిన సంతోషం కూడా మిగలదు.

లేదా మీ మరిది "నేనే పెడతాలే వదినా" అనొచ్చు. అతను మంచివాడని మీరే రాశారు కాబట్టి అనే అవకాశం ఉంది. తీసుకోవడం తప్పు కాదు. రోజూ అమ్మానాన్నల మందులు, డాక్టరు, పథ్యం చూసుకునేది మీరు, అది కూడా వాటానే. కానీ అది మీ ఆయన ఎదుట, ఆయన ఒప్పుకున్నాక జరగాలి. మీరూ మరిదీ ఫోన్లో తేల్చేసుకుంటే మీ ఆయనకు అది ముల్లులా గుచ్చుకుంటుంది, పదేళ్ల తర్వాత వేరే గొడవలో బయటికి వస్తుంది.

మూడో దారి, రెండూ కలపడం. మొదటి రెండు రాత్రులు మహాబలిపురం ఊర్లో శుభ్రమైన మామూలు హోటలు, తిండి బయట. గుళ్లూ శిల్పాలూ అప్పుడే చూడండి. చివరి రాత్రి ఒక్కటి రిసార్టు, సముద్రానికి ఎదురుగా. మీ మరిది చెప్పిన రేటే వేసుకున్నా మూడు గదులు పన్నుతో 49,560, ఒక పూట బఫే 12,744, మీ సగం 31,152. సీ ఫేసింగ్ గదికి ఇంకొంచెం ఎక్కువ అడుగుతారు. ఊర్లో హోటలు, బండి కలిపితే మీ నలభై వేలు దాటుతుంది, కానీ ఫీజు డబ్బులో పెద్దగా చెయ్యి పెట్టనక్కరలేదు. చెక్ఇన్ మధ్యాహ్నం రెండు మూడింటికి, చెక్అవుట్ మరుసటి రోజు పదకొండుకు, అంటే ఇరవై గంటలు. సామాను మధ్యలో ఒకసారి కట్టి విప్పాలి, అది మీ నెత్తిన పడకుండా ముందే తోడికోడలితో పంచుకోండి. ఇంకా తక్కువలో కావాలంటే కొన్ని రిసార్టులు డే ఔటింగ్ ఇస్తాయి, పొద్దున పోయి కొలను, మధ్యాహ్న భోజనం చూసుకుని సాయంత్రం వచ్చేయడం. పిల్లలకు అది చాలు, తెల్లవారి సూర్యుడు మాత్రం అందులో రాడు.

నాలుగోది మన పక్కనే ఉంది, మీరు దాని గురించి ఆలోచించినట్లు లేదు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు మీదుగా నెల్లూరికి 67వ నంబరు జాతీయ రహదారి పోతుంది. నెల్లూరు నుంచి మైపాడు బీచి చాలా దగ్గర. మహాబలిపురం పోయే దూరంలో సగానికి కొంచెం ఎక్కువ అంతే. అత్త మోకాళ్లకు బండిలో కూర్చునే గంటలు తగ్గుతాయి, నెల్లూరులో భోజనం సంగతి చెప్పక్కరలేదు. అక్కడ పెద్ద రిసార్టు హంగులు ఉండవు, పిల్లలు అలుగుతారు, మరిదికి చిన్నతనం అనిపించొచ్చు. కానీ అత్త కోరిక అక్కడే తీరిపోతుంది.

ఏది ఎంచుకునే ముందైనా ఒక పని చేయండి. ఈ గ్రూపులో పద్దెనిమిది రోజులుగా అందరూ మాట్లాడారు, అత్తను ఒక్కరూ అడగలేదు. రాత్రి ఆమె కాళ్లకు నూనె రాసేటప్పుడు మీరే అడగండి. "అత్తా, సముద్రం చూడల్లంటివే, చూసి ఏం చేయల్లనుంది?" అని. కాళ్లు తడుపుకోవాలంటుందో, మాఘ పౌర్ణమికి స్నానం చేయాలంటుందో, ఊరికే కూర్చుని చూడాలంటుందో, చిన్న కొడుకు పక్కనుంటే చాలంటుందో, ఆమె చెప్పిన దాన్నిబట్టి పై నాలుగింటిలో ఒకటో రెండో వాటంతటవే పక్కకు పోతాయి. ఆ మాట మీరే గ్రూపులో పెట్టండి. అప్పుడు కోడలు అడ్డం పడిందనే మాటకు చోటే ఉండదు.

రిసార్టుకే పోతే బిల్లు మీరు చూడండి, మగవాళ్లు చూడకుండా కార్డు ఇచ్చేస్తారు. సర్వీసు చార్జి అని కలిపి ఉంటే అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగొచ్చు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది. గదిలో పెట్టిన చిన్న ఫ్రిజ్‌లోవి తాకొద్దని పిల్లలకు ముందే చెప్పండి. భోజనాలకు విడిగా కాకుండా, టిఫినుతో పాటు ఒక పూట భోజనం కలిపిన ప్లాను ఎంతకిస్తారో బుకింగ్ అప్పుడే అడగండి, చాలాసార్లు అదే తక్కువ పడుతుంది.

ఇక మీ చివరి ప్రశ్న. కొలనులో దిగాలంటే ఆ నైలాను ఈత బట్టలే వేసుకోవాలా, చీరతో గానీ చుడీదారుతో గానీ దిగనివ్వరా, మా ఇంట్లో అట్లాంటివి వేసుకోలేను, కానీ పిల్లలతో పాటు ఒకసారి నీళ్లలో దిగాలని ఉంది అని రాశారు. దిగనివ్వరమ్మా, నూలు బట్టల పోగులు నీళ్లు తోడే యంత్రంలో చిక్కుకుంటాయని ఒప్పుకోరు. గట్టున కూర్చుని కాళ్లు పెట్టుకుంటే సామాన్యంగా ఏమీ అనరు. కానీ చేతులూ కాళ్లూ పూర్తిగా కప్పేవి, మీద పావడా లాంటిది ఉండేవి కూడా దొరుకుతాయి, ఆన్‌లైన్లోనూ చెన్నైలోనూ. ఒకటి కొనుక్కోండి. పొద్దున ఏడింటికి కొలను తెరవగానే పోతే పెద్దగా జనం ఉండరు. మీ పాపను కూడా తీసుకుపోండి, నాలుగు అడుగుల లోతు దగ్గర గోడ పట్టుకుని దిగండి.